80 శాతం బ్లాక్ అన్నారు, వెంటనే స్టెంట్ వేయించాలా?

మీ ప్రశ్న ఇదీ: నాన్నగారికి 62 ఏళ్లు, మెట్లెక్కితే ఛాతీ పట్టేసినట్టు ఉంటోంది, యాంజియోగ్రామ్‌లో ఒక రక్తనాళంలో 80 శాతం బ్లాక్ కనిపించింది, వెంటనే స్టెంట్ (నాళాన్ని తెరిచి ఉంచే చిన్న జాలీ గొట్టం) వేయించమంటున్నారు. కానీ మందులతో సరిపోతుందని కొత్త పరిశోధనలు చెబుతున్నాయని ఎక్కడో చదివారు. ఏది నమ్మాలి?

ముందుగా ఒక మాట. కూర్చున్నా తగ్గని నొప్పి, ఒళ్లంతా చెమటలు ఉంటే ఇది చదవడం ఆపేసి ఆసుపత్రికి బయల్దేరండి. హార్ట్ ఎటాక్ వచ్చిన మనిషికి టైముకు వేసిన స్టెంట్ ప్రాణం నిలబెడుతుంది. అందులో ఎవరికీ పేచీ లేదు. కొత్తగా మొదలైన నొప్పి, రోజురోజుకీ పెరిగే నొప్పి కూడా అత్యవసరం కిందే లెక్క. నేను రాసేదంతా నడిస్తే వచ్చి ఆగితే తగ్గిపోయే, నెలల తరబడి ఒకే తీరుగా ఉండే నొప్పి గురించి.

నేను డాక్టర్ని కాదు. గుండె మందుల కంపెనీలో మెడికల్ రెప్‌గా తిరిగి, తర్వాత తెనాలిలో మందుల షాపు పెట్టుకున్నవాణ్ణి. చీటీలు చదివీ చదివీ ఏ డాక్టరు ఏ మూడ్‌లో రాశాడో కూడా చెప్పగలను. అందుకే కాస్త ధైర్యంగానే రాస్తున్నాను.

2020 సంక్రాంతి ముందు మా మావయ్యకి ఇదే జరిగింది. దుగ్గిరాల దగ్గర పసుపు, అరటి వేస్తాడు. పొలం గట్టు మీద నడుస్తుంటే గుండెల మీద బండ పెట్టినట్టుండేది, నిలబడితే పోయేది. గ్యాస్ అనుకుని ఎవరో ఇచ్చిన గ్యాస్ బిళ్ళలు మింగుతూ దసరా దాటించాడు. చివరికి విజయవాడలో ఒక పెద్ద ఆసుపత్రిలో ట్రెడ్‌మిల్ టెస్టు చేసి, యాంజియోగ్రామ్ చెయ్యాలన్నారు. పొద్దున్నే లోపలికి తీసుకెళ్లారు. అత్తయ్యా నేనూ క్యాథ్ ల్యాబ్ (యాంజియోగ్రామ్ చేసే గది) తలుపు బయట కుర్చీల్లో కూర్చున్నాం.

అరగంట కాకముందే తలుపు తెరుచుకుంది. డాక్టరు మాస్కు కిందికి లాగి మమ్మల్ని పక్క గదిలోకి పిలిచి తెర మీద బొమ్మ చూపించారు. "ఇదిగో, ఇక్కడ సన్నబడింది చూశారా? ఎనభై పర్సెంట్. ఎల్‌ఏడీ, గుండె ముందు వైపు నాళం. పేషెంట్ టేబుల్ మీదే ఉన్నారు, ఇప్పుడే వేసేస్తే మళ్లీ ఇంకోసారి గుచ్చక్కర్లేదు, మీకూ ఖర్చు కలిసొస్తుంది. ఇక్కడ సంతకం పెట్టండి." పక్కనే ఇంకొకాయన చేతిలో ఇంకో కాగితం: మన దేశంలో తయారైనది ఇంత, బయట దేశానిది ఇంత, ఏది కావాలి? చీరల షాపులో కూడా ఇంతకంటే ఎక్కువ టైమిస్తారు.

అత్తయ్య కాళ్లు వణికిపోయాయి. "వాల్వు మూసుకుపోయిందంటరా?" అని నా చెయ్యి పట్టుకుంది. డాలస్‌లో ఉన్న మా బావకి వాట్సాప్‌లో వీడియో కాల్ కలిపితే అక్కడ అర్ధరాత్రి. కళ్లు నులుముకుంటూ, "డబ్బు గురించి ఆలోచించకండి, బెస్ట్ స్టెంట్ వేయించండి, నేను పంపిస్తా" అన్నాడు. ఈ అమెరికా కొడుకుల గురించి వేరే సమాధానం రాయాలి ఎప్పుడైనా. ప్రేమ ఉంటుంది, కాదనను. రాలేకపోయినందుకు మనసులో గుచ్చుకుంటుంది, అదంతా ఖరీదైన వస్తువు మీదికి మళ్లుతుంది. అక్కడైతే రెండో డాక్టరు అభిప్రాయం తీసుకోకుండా దగ్గు మందు కూడా తాగరు. ఇక్కడ నాన్న విషయానికొస్తే ఐదు నిమిషాల్లో ఓకే!

నేను డాక్టరుగారిని అడిగాను. "ఎటాక్ వచ్చిందా సార్?" లేదన్నారు. "లెఫ్ట్ మెయినా?" (ఎడమ వైపు నాళాలకి మొదలైన పెద్ద నాళం అది.) కాదు, ఎల్‌ఏడీ మధ్యలో. "పంపింగ్ ఎంత?" (కొట్టుకున్న ప్రతిసారీ గుండె బయటికి నెట్టే రక్తం శాతం.) అరవై. "మరి ఒక నెల మందులు వాడి చూస్తే?" ఆయన మొహం మారింది. "చూడొచ్చు. ఈలోపు ఏమన్నా అయితే మేం బాధ్యులం కాదు. రాసిచ్చి తీసుకెళ్లండి." వేయించుకున్నా సంతకమే, వద్దన్నా సంతకమే. ఆయన చెడ్డవాడని అనను. బయట బల్లల మీద ఇంకా ముగ్గురు పేషెంట్లు ఆయన కోసం కాచుకుని ఉన్నారు. వివరించే తీరిక ఆయనకి లేదు, వినే స్థిమితం మాకు లేదు.

నేను వద్దన్నాను. అత్తయ్య ఆ రోజు నాతో మాట్లాడలేదు.

అంత ధైర్యం ఎక్కడిదంటే, కొంత నా పాత ఉద్యోగం నుంచి వచ్చింది. 2007లో 'కరేజ్' అనే ట్రయల్ ఫలితం వచ్చింది. అమెరికా, కెనడాల్లో 2,287 మందిని, నిలకడగా ఉన్న గుండె జబ్బు వాళ్లనే, రెండు జట్లు చేశారు. అందరికీ గట్టిగా మందులు ఇచ్చి, ఒక జట్టుకి మాత్రం అదనంగా యాంజియోప్లాస్టీ (బెలూన్‌తో నాళం తెరిచి స్టెంట్ వెయ్యడం) చేశారు. నాలుగేళ్లకు పైగా చూస్తే చావుల్లోనూ ఎటాకుల్లోనూ తేడా రాలేదు. స్టాటిన్, అంటే కొలెస్ట్రాల్ తగ్గించే బిళ్ళలు అమ్మే మాకు అది పండగ. మా మేనేజరు ఆ పేపరు కలర్ కాపీలు తీసి జిల్లా అంతా పంచమన్నాడు. పంచాం. డాక్టర్లు నవ్వి సొరుగులో పడేశారు. "అక్కడ వాడినవి పాత రకం స్టెంట్లయ్యా, ఇప్పుడు కొత్తవి వచ్చాయి" అనేవారు. అందులో నిజం లేకపోలేదు.

ఆ అభ్యంతరం తీర్చడానికే అన్నట్టు 'ఇస్కీమియా' ట్రయల్ వచ్చింది. 2019 నవంబరులో ఫిలడెల్ఫియా సభలో చెప్పారు, అంటే మావయ్య బల్లెక్కడానికి రెండు నెలల ముందు. 37 దేశాలు, 5,179 మంది పేషెంట్లు, మన దేశం వాళ్లూ ఉన్నారు. గుండెకి రక్తం ఓ మాదిరిగానో బాగానో తగ్గిందని టెస్టుల్లో తేలినవాళ్లనే తీసుకున్నారు, ఉత్తుత్తి కేసుల్ని కాదు. సగం మందికి ముందే యాంజియోగ్రామ్ చేసి, అవసరమైతే స్టెంటో బైపాసో చేశారు. మిగతా సగానికి మందులతో మొదలుపెట్టి, లొంగకపోతేనే ల్యాబ్‌కి తీసుకెళ్లారు. గుండె జబ్బుతో చావు, ఎటాక్, ఆసుపత్రిలో చేరడం లాంటివన్నీ కలిపి ఐదేళ్లకి లెక్కేస్తే మొదటి జట్టులో 16.4 శాతం, రెండో జట్టులో 18.2 శాతం. ఆ మాత్రం తేడా యాదృచ్ఛికంగానూ రావచ్చు. చనిపోయినవాళ్లు ఒకవైపు 145 మంది, ఇంకోవైపు 144 మంది. 2022లో ఏడేళ్ల లెక్క చెప్పినప్పుడు కూడా మొత్తం చావుల్లో తేడా రాలేదు.

అయితే లెఫ్ట్ మెయిన్ నాళంలో పెద్ద బ్లాక్ ఉన్నవాళ్లనీ, పంపింగ్ 35 కంటే తక్కువున్నవాళ్లనీ, ఈమధ్యే ఎటాక్ వచ్చినవాళ్లనీ ఇందులో చేర్చుకోలేదు. వాళ్ల దారి వేరు. నేను డాక్టరుగారిని ఆ మూడే అడగడానికి కారణం అదే.

తెర మీద అంత స్పష్టంగా సన్నబడ్డ చోటు కనపడుతుంటే, అది తెరిస్తే ప్రాణానికి లాభం లేకపోవడమేంటని బావ ఫోన్‌లో దెబ్బలాడాడు. "డ్రిప్ పైపులో మట్టి పేరుకుంటే తియ్యమా?" అన్నాడు. రైతు కొడుకు కదా. గుండె నాళం పైపు కాదు. కొవ్వు గోడ లోపల పేరుకుంటుంది, అదీ ఒక్కచోట కాదు, నాళాలన్నిటా. ఎటాక్ చాలాసార్లు ఎక్కడ వస్తుందంటే, బొమ్మలో పెద్దగా కనిపించని చిన్న కొవ్వు గడ్డ పగిలి, దాని మీద రక్తం గడ్డకట్టినప్పుడు. స్టెంట్ ఒక అంగుళం మేర పని చేస్తుంది. స్టాటిన్, ఆస్పిరిన్, బీపీ అదుపు, సిగరెట్ మానడం నాళం పొడుగునా పని చేస్తాయి.

మరి స్టెంట్ వేయించుకున్నవాళ్లంతా "హాయిగా ఉంది" అంటారు కదా అంటారా? ఇక్కడ నాకు బాగా నచ్చిన ప్రయోగం ఒకటుంది. లండన్ ఇంపీరియల్ కాలేజీలో రాషా అల్ లమీ అనే డాక్టరు, ఆమె బృందం 2017లో 'ఆర్బిటా' అని చేశారు. ఒకే నాళంలో 70 శాతం పైన బ్లాక్ ఉన్న 200 మంది. అందరినీ ల్యాబ్‌లో పడుకోబెట్టి, మత్తిచ్చి, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి పాటలు వినిపించారు. 105 మందికి నిజంగా స్టెంట్ వేశారు. 95 మందికి ఏమీ వెయ్యకుండా కాసేపు బల్ల మీద ఉంచి పంపేశారు. ఎవరికి వేశారో పేషెంటుకీ తెలీదు, తర్వాత చూసిన డాక్టరుకీ తెలీదు. ఆరు వారాలయ్యాక ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తిస్తే, వేసినవాళ్ల టైము సగటున 28 సెకన్లు పెరిగింది, వెయ్యనివాళ్లది 12 సెకన్లు. చెప్పుకోదగ్గ తేడా కాదు పొమ్మన్నారు.

ఇది కొత్త సంగతి కూడా కాదు. ఛాతీ లోపలి ధమనులకి ముడి వేస్తే గుండెకి రక్తం పెరుగుతుందని 1950ల్లో ఒక ఆపరేషన్ చేసేవారు. 1959లో సియాటిల్‌లో 17 మందిని తీసుకుని కొందరికి నిజంగా ముడి వేసి, కొందరికి చర్మం కోసి కుట్టేశారు. రెండు జట్లకీ నొప్పి తగ్గింది. ఆ ఆపరేషన్ అంతటితో మూలపడింది. డాక్టరు చెయ్యి పడిందన్న నమ్మకానికి అంత బలం ఉంది. మా షాపులో రంగు బిళ్ళ మార్చి అదే మందు వేరే కంపెనీది ఇస్తే "ఇది పనిచెయ్యట్లా" అని వెనక్కి తెచ్చేవాళ్లు వారానికొకరైనా ఉంటారు.

కథ అక్కడితో ఆగలేదులెండి. అదే లండన్ బృందం 2023లో ఆర్బిటా-2 చేసింది. 301 మంది, ఈసారి నొప్పి తగ్గించే బిళ్ళలు మాన్పించి చూశారు. అప్పుడు స్టెంట్ గెలిచింది, నొప్పి నిజంగానే తగ్గింది. అందరికీ కాదు, చాలామందికి మిగిలింది కూడా. ఇవన్నీ ఒకచోట పెట్టుకుంటే నాకు అర్థమైంది ఇది: నిలకడ నొప్పికి స్టెంట్ ఆయుష్షు పెంచే వస్తువు కాదు, మంచి పెయిన్ కిల్లర్. దాన్ని ప్రాణభయం చూపించి అమ్మడమే నాకు కిట్టదు. మా వైపు వేసే స్టెంట్లలో సగం ఒక నెల ఆగదగ్గవేనని నా కౌంటర్ లెక్క. రుజువు చూపించమంటే నా దగ్గర చీటీలు తప్ప ఏమీ లేవు.

ధర సంగతీ చెప్పాలి. 2017 ఫిబ్రవరిలో కేంద్రం మందు పూత స్టెంట్‌కి 29,600 రూపాయలు, మామూలు దానికి 7,260 అని సీలింగ్ పెట్టింది. మంచి పనే. బిల్లులో ఆ లైను తగ్గింది. బెలూన్, వైరు, ప్రొసీజర్ చార్జీ అని మిగతా లైన్లు ఉబ్బాయి. మా చుట్టుపక్కల వాళ్ల బిల్లులు తెప్పించుకుని చూశాను, మొత్తం పెద్దగా దిగలేదు.

అంతకంటే నాకు ఒళ్లు మండేది స్టెంట్ తర్వాత జరిగే తంతు. "ఆపరేషన్ అయిపోయింది కదా, ఇంకా బిళ్ళలెందుకు" అని మూడో నెలలో స్టాటిన్ మానేస్తారు. యూట్యూబ్‌లో ఎవడో లివర్ పోతుందని చెప్పి ఉంటాడు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే క్లోపిడోగ్రెల్ మధ్యలో ఆపేస్తే స్టెంట్‌లోనే రక్తం గడ్డకట్టవచ్చని చెబితే నేను బిళ్ళలు అమ్ముకోవడానికి చెబుతున్నాననుకుంటారు. ఇంకో చిక్కు: స్టెంట్ వేశాక ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ అనే రెండు రక్తం పల్చబరిచే మందులు నెలల తరబడి ఆపకూడదు కాబట్టి వేరే ఆపరేషన్లు వాయిదా. మా వీధిలో ఒక మాస్టారు హెర్నియా బెల్టు కట్టుకుని ఏడాది తిరిగారు. ఈ విషయం సంతకం పెట్టేముందు ఆయనకి ఎవరూ చెప్పలేదట.

మావయ్య విషయానికొస్తే, ఇంకో కార్డియాలజిస్టు దగ్గర చూపించాం. ఆస్పిరిన్, స్టాటిన్ పెద్ద డోసు, గుండె వేగం తగ్గించే మెటోప్రోలాల్, అవసరానికి నాలుక కింద బిళ్ళ రాశారు. చుట్ట మానిపించారు. అది నిజంగా కష్టమైన ఆపరేషన్. మార్చిలో లాక్‌డౌన్ వచ్చి ఆసుపత్రి మొహం చూసే దారే లేకపోయింది. ఆ నెలలన్నీ బిళ్ళలతోనే గడిపాడు, నొప్పి బాగా తగ్గింది. మరుసటి ఏడు అరటి గెలలు మోయించే టైముకి మళ్లీ ఇబ్బంది పెట్టింది, బిళ్ళలు పెంచితే తల తిరిగింది. "నాకు పొలం పని కావాలిరా, వేయించేద్దాం" అని తనే అన్నాడు. వేయించాం. బాగున్నాడు. ఇస్కీమియాలో కూడా మందుల జట్టులో సుమారు ఐదో వంతు మంది తర్వాత ఇలాగే చేయించుకున్నారు.

"అదేదో ఆ రోజే వేయిస్తే పోయేది కదా" అని అత్తయ్య పండక్కి వెళ్లినప్పుడల్లా అంటుంది. ఆ రోజు మీరంతా భయపడి సంతకం పెట్టేవారు, తర్వాత తను తూకం వేసుకుని పెట్టాడు అంటాను. ఆవిడ ఒప్పుకోదు. బావ ఇంకా ఒప్పుకోడు.

మీరేం చెయ్యాలంటే, మీ నాన్నగారి రిపోర్టు తీసి ఏ నాళమో చూడండి. లెఫ్ట్ మెయిన్ అని ఉన్నా, మూడు నాళాల్లోనూ బ్లాకులున్నా, పంపింగ్ తక్కువున్నా నేను రాసింది పక్కన పెట్టి డాక్టరు చెప్పినట్టు చెయ్యండి, బైపాస్ గురించి కూడా అడగండి. అవేవీ కాకపోతే, ఇప్పటిదాకా ఏ మందులు ఎంత డోసులో వాడారో కాగితం మీద రాసుకుని, ఆసుపత్రితో సంబంధం లేని ఇంకో కార్డియాలజిస్టుకి సీడీ చూపించండి. ఎన్ని మెట్లెక్కితే నొప్పి వస్తోందో, దానివల్ల ఏ పని మానుకున్నారో మీరు కాదు, నాన్నగారే చెప్పాలి. మీ ప్రశ్నలో ఆయన మాట ఒక్కటీ లేదు.