20కి 11 సరే, ఆ 9 ఎక్కడ పోయాయి?

ప్రశ్న: మేడమ్ నమస్తే. మా పాప తొమ్మిదో తరగతి, ప్రైవేట్ స్కూల్. ఏడో క్లాస్ దాకా లెక్కలంటే అన్నం కూడా మర్చిపోయేది, ఇప్పుడేమో మ్యాథ్స్ స్లిప్ టెస్ట్ అంటే ముందురోజు రాత్రి నుంచే కడుపునొప్పి. వాళ్ళ సార్ పేపర్లు ఎక్కువ మార్కులొచ్చిన వాళ్ళ నుంచి వరసగా పేర్లు పిలిచి ఇస్తారంట. మొన్న 20కి 11 వచ్చాయి, పేపర్ మడిచి బ్యాగ్ అడుగున దాచింది. ట్యూషన్ పెట్టించమంటారా? సార్‌ని అడిగితే పాప మీద మనసులో పెట్టుకుంటారేమోనని భయం.
– ఒక తల్లి, వరంగల్

జవాబు: ట్యూషన్ సంగతి తర్వాత చూద్దాం అమ్మా, ముందు ఆ పేపర్ బయటికి తీయించండి, తిట్టడానికి కాదు, ఇద్దరూ కలిసి చూడ్డానికి. తొమ్మిది మార్కులు తొమ్మిది చోట్ల పోవు, సాధారణంగా ఒకటి రెండు తప్పులే మళ్ళీ మళ్ళీ వస్తుంటాయి. 12 – (7 – 3) ఎంత అని అడగండి. 2 అందనుకోండి, బ్రాకెట్ ముందు మైనస్ ఉంటే లోపలి గుర్తు మారాలన్నది పట్టుబడలేదన్నమాట, జవాబు 8 కదా. ఆ ఒక్కటీ పట్టుబడకపోతే ఆల్జీబ్రా అంతా తప్పే వస్తుంది, పైన ఎర్ర ఇంకుతో 'కేర్‌లెస్' అని రాసిస్తే పిల్లకేం తెలుస్తుంది చెప్పండి.

నేనూ లెక్కల టీచర్నే, మొదట్లో నేనూ ఇలాగే వరసగా పిలిచి ఇచ్చేదాన్ని, వెనకబడ్డ వాళ్ళకి పౌరుషం వస్తుందని. రాలేదు. పేపర్ అందుకోవడం, మార్కు చూసుకోవడం, పక్కవాడి మార్కు చూడ్డం, మడత పెట్టేయడం, అంతే, నేను రాత్రి పదకొండు దాకా కూర్చుని రాసింది ఎవ్వరూ చదవలేదు. 1988లో రూత్ బట్లర్ అనే ఇజ్రాయెల్ పరిశోధకురాలు ఇదే చూసింది, కొందరు పిల్లలకి మార్కులు, కొందరికి కామెంట్ మాత్రమే, ఇంకొందరికి రెండూ ఇస్తే, కామెంట్ ఒక్కటే అందుకున్నవాళ్ళే తర్వాత బాగా చేశారంట, రెండూ ఇచ్చిన వాళ్ళు ఉత్త మార్కుల వాళ్ళలాగే ఉండిపోయారు. అది చదివాక నా మీద నాకే నవ్వొచ్చింది.

అసలు ఎఫ్ఏలు (ఫార్మేటివ్ అసెస్‌మెంట్లు, స్లిప్ టెస్ట్ వాటిలో ఒక భాగం) పెట్టిందే పాఠం మధ్యలో ఎవరికి ఏది రాలేదో పట్టుకుని మళ్ళీ చెప్పడానికి. సీసీఈలో, అంటే ఏడాది పొడవునా పిల్లల చదువుని అన్ని వైపులా అంచనా వేసే పద్ధతిలో, పదో తరగతికి 20 ఇంటర్నల్ మార్కులు పెట్టినప్పుడు కూడా స్లిప్ టెస్ట్‌కి 5 మాత్రమే, మిగతా 15 ప్రాజెక్టుకి, రాతపనికి, క్లాసులో పాల్గొనడానికి. చాలా స్కూళ్ళు ఈ ఎఫ్ఏని ఇంకో చిన్న పబ్లిక్ పరీక్ష చేసి కూర్చున్నాయి.

సార్ దగ్గరికి వెళ్ళండి, ఫిర్యాదులా వద్దు. 'సార్, బ్రాకెట్లు తప్పుతోంది, మళ్ళీ చేసి తెస్తే ఒకసారి చూస్తారా' అనండి, కాదనే టీచర్లు తక్కువ. పేర్లు పిలిచే విషయం మాత్రం పేరెంట్స్ మీటింగ్‌లో ఇద్దరు ముగ్గురు తల్లులు కలిసి ఎత్తండి, అప్పుడు మీ పాప ఒక్కదాని మీదికి రాదు. టెస్ట్ లేని రోజుల్లో కూడా కడుపునొప్పి అంటే మాత్రం డాక్టర్‌కి చూపించండి.

ప్రశ్న: మా బాబు ప్రాజెక్ట్ వర్క్ నెట్ సెంటర్‌లో ప్రింట్ తీయించి అట్ట వేసి ఇస్తే 5కి 5 వేశారు. సంతోషించాలా?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: అట్టకి వేశారండీ ఆ మార్కులు. ఈసారి మీ ఇంటి కరెంటు బిల్లులు ఆర్నెల్లవి వాడి చేతికివ్వండి, ఏ నెల యూనిట్లు ఎక్కువో, ఎందుకో వాడి సొంత రాతలో రెండు పేజీలు రాయమనండి. అట్ట లేదని 3 వేసినా ఏం పర్లేదు.