నలుగురితో కపొయేరా బృందం మొదలుపెట్టవచ్చా? మా తొమ్మిదేళ్ల అనుభవం

మీ ఊళ్లో కపొయేరా, అంటే పాటకూ వాద్యాలకూ తగ్గట్టు ఆడే బ్రెజిల్ యుద్ధవిద్య, నేర్పే గురువు లేరనీ, వేరే చోట కొంతకాలం నేర్చుకున్నవాళ్లు నలుగురే ఉన్నారనీ, బృందం మొదలుపెడితే మనుషులు నిలుస్తారా అనీ మీరు అడిగారు. జర్మనీలోని ఒక చిన్న విశ్వవిద్యాలయ పట్టణంలో మేము ఐదుగురితో మొదలుపెట్టి తొమ్మిదేళ్లుగా నడుపుతున్నాము కనుక, ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

మొదటి ఏడాది నేను పెద్ద పొరపాటు చేశాను. జింగా (అటూ ఇటూ ఊగే మూల అడుగు), తన్నులు, తప్పించుకునే కదలికలు మాత్రమే నేర్పి, పాటను, వాద్యాలను తరువాతి సంగతిగా పక్కన పెట్టాను. అక్టోబరులో ఇరవై మంది వచ్చారు. ఫిబ్రవరి నాటికి ఆరుగురు మిగిలారు. తన్నుల కోసం వచ్చినవారికి ఆ సరదా కొద్ది నెలల్లోనే తీరిపోతుంది. అందరూ గుండ్రంగా నిలబడి పాడుతుండగా ఇద్దరు మధ్యలో ఆడే హోడాయే కపొయేరాకు ప్రాణం, దానిని వాళ్లకు చూపించనే లేదు. అందుకే రెండో ఏడాది నుంచి ప్రతి తరగతిలో చివరి అరగంటను హోడాకే కేటాయించాము.

కపొయేరాలో పాత సంప్రదాయమైన ఆంగోలా పద్ధతిలో నిండు మేళానికి మూడు బెరింబావులు (విల్లులాంటి కర్రకు ఒకే తీగ కట్టిన వాద్యాలు), రెండు పండేరోలు (కంజిర లాంటివి), అటబాకే (పొడవాటి డోలు), అగోగో (జంట గంట), హెకో-హెకో (గీసి వాయించేది) కలిపి ఎనిమిది వాద్యాలు కావాలి. ఆరుగురున్న బృందానికి అది సాధ్యం కాదు, అవసరమూ లేదు. ఒక బెరింబావు, ఒక పండేరో వాయించేవారు ఇద్దరు, ఆడేవారు ఇద్దరు, చప్పట్లు కొడుతూ వంత పాడేవారు ఇద్దరు ఉంటే హోడా నడుస్తుంది. పాటకు వంత పలకడమంటే మొదట్లో అక్కడివారు చాలా సిగ్గుపడేవారు. చిన్నప్పుడు మా ఊరి భజనలో తాళం వేస్తూ వంత పాడిన అలవాటు నాకు అక్కడ అక్కరకు వచ్చింది: నెలకు ఒకే పాట తీసుకుని, ముందు పోర్చుగీసు మాటల అర్థం చెప్పి, తరువాత వంత వరుసను మాత్రమే అందరిచేత పదేపదే పాడించాను.

చరిత్రను కూడా ఉపన్యాసంగా కాక వాద్యంతోనే చెబుతాము. గుర్రపు పోలీసులు వస్తున్నారని హెచ్చరించడానికి వాడేవారని చెప్పే కవలారియా అనే బెరింబావు వరుసను నేర్పే రోజున, బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్లు, వారి సంతతి బ్రెజిల్‌లో పెంచుకున్న ఈ విద్యను 1890 నాటి శిక్షాస్మృతి నేరంగా ప్రకటించిన సంగతీ, 1932లో మెస్త్రే (అంటే గురువు) బింబా సాల్వడార్‌లో పాఠశాల తెరిచిన సంగతీ, 1941లో మెస్త్రే పాస్తిన్యా ఆంగోలా పద్ధతికి కేంద్రం ఏర్పరచిన సంగతీ చెబుతాము. ఇవి తెలిసినవారు దీనిని ఒట్టి వ్యాయామంగా చూడరు.

ఇక నేర్పే అధికారం మాట. నేను మెస్త్రేను కాను. మొదలుపెట్టేముందు, రైల్లో రెండు గంటల దూరంలో ఉన్న మా గురువుగారి అనుమతి అడిగాను; నెలకొకసారి తన దగ్గరకు వచ్చి సాధన చేయాలనీ, ఏడాదికి రెండుసార్లు తనను మా పట్టణానికి పిలవాలనీ ఆయన షరతు పెట్టారు. మీరూ ఎవరో ఒక గురువు నీడలో ఉండండి. ఆయన ప్రయాణపు ఖర్చూ, పారితోషికమూ బేరమాడకుండా చెల్లించండి, లెక్కలు అందరికీ చూపించండి.

నాకు ఇప్పటికీ బాధ కలిగించే విషయం ఒకటుంది. బలమైన ఒక కుర్రవాడు కొత్తవారి మీద జోరుగా తన్నులు విసురుతుంటే, మనిషి దూరమవుతాడేమోనని కొన్ని నెలలు మాట్లాడలేకపోయాను. ఈలోగా ఇద్దరు అమ్మాయిలు మానేశారు. ఇప్పుడు గుంగా బెరింబావు (మూడింటిలో మంద్రంగా పలికేది) పట్టినవారికి ఆ బాధ్యత అప్పగించాము. ఆట అదుపు తప్పితే వారు వాద్యంతోనే ఆటగాళ్లిద్దరినీ బెరింబావు ముందుకు పిలిచి, నెమ్మదిగా చెప్పి మళ్లీ పంపుతారు. హోడాను నడిపేది గుంగాయే కనుక ఆ మాటను ఎవరూ కాదనరు.

మూడో ఏట మేము వాడుకునే హాలును వారం గడువుతో వేరొకరికి ఇచ్చేశారు. చలి ముదిరేవరకు పార్కులో సాధన చేశాము. పురపాలక బడి వ్యాయామశాలను అడగాలంటే నమోదైన సంఘమైతే మేలని తెలిసింది. జర్మన్ చట్టం ప్రకారం నమోదుకు ఏడుగురు సభ్యులుండాలి, మేము ఆరుగురమే. ఒక విద్యార్థి తల్లిగారు, అప్పటికే మాతో పండేరో వాయిస్తున్నావిడ, ఏడో సంతకం చేశారు. ఆవిడ ఒక్కనాడూ ఆడలేదు, అయినా నెలాఖరు ఆదివారం హోడా తరువాత అందరం కలిసి చేసే భోజనం ఏర్పాటు ఆవిడ వల్లే మొదలైంది. నేను పులిహోర తీసుకెళతాను.

కాబట్టి నలుగురు చాలు. వారంలో ఒక రోజు ఖాయం చేసుకోండి, ఇద్దరే వచ్చినా ఆ రోజు మానకండి. మొదటి డబ్బుతో బట్టలు కాదు, ఒక మంచి బెరింబావు కొనండి. వాయించడం అయిన ప్రతిసారీ తీగ విప్పి పెట్టండి, లేకపోతే కర్ర వంగిపోయి బిగువు కోల్పోతుంది.