మీ అమ్మ పెళ్లి క్యాసెట్ గురించి

బుజ్జమ్మా,

వాళ్ల పెళ్లి వీడియోని నువ్వే కంప్యూటర్లో డీవీడీ చేస్తానన్నావని నిన్న మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఎంత సంతోషం వేసిందో! రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

ముందు క్యాసెట్ కిటికీలోంచి లైటు వేసి చూడు. టేపు మీద తెల్లగా బూజు కనిపిస్తే క్యాసెట్ ఆడించే వీసీఆర్‌లో పెట్టొద్దు, నాకు చెప్పు. బాగుంటే ఒకసారి చివరిదాకా తిప్పి, మళ్లీ వెనక్కి చుట్టాకే కంప్యూటర్లోకి ఎక్కించడం మొదలుపెట్టు. మూడు గంటల క్యాసెట్‌ని ఒకే డిస్కులో కుక్కకు. 4.7 జీబీ డిస్కు విండోస్ కంప్యూటర్లో 4.37 అనే చూపిస్తుంది, కంగారు పడకు. సెకనుకు 6 మెగాబిట్ల చొప్పున గంటన్నర వీడియో ఒక డిస్కులో హాయిగా పడుతుంది. రెండు డిస్కులు చెయ్యి. ఫైలు ఊరికే కాపీ చేస్తే వీడియో డిస్కు అవదు. డీవీడీస్టైలర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితమే, మెనూ అదే కట్టిపెడుతుంది. ఫార్మాట్ అడిగితే పాల్ అను, మన దేశం టీవీల పద్ధతి అది. అమెరికాలో పిన్నికి పంపేది మాత్రం వేరేగా అక్కడి పద్ధతి ఎన్‌టీఎస్‌సీలో చెయ్యి, అక్కడి ప్లేయర్లు చాలావాటిలో మన పాల్ ఆడదు.

ఇక నా తప్పు విను. తాతయ్య షష్టిపూర్తిని నేనే తీశాను. 2006లో డిస్కు చేశాను. అందంగా ఉండాలని ఆయన ఫోటో ప్రింట్ తీసి, జిగురు కాగితం డిస్కు నిండా అంటించాను. మొదటి పది నిమిషాలు చూసి, బాగుంది అనుకున్నాను. మర్నాడు ఇంకో పెళ్లి ఉంది, చేతిలో ఖాళీ క్యాసెట్ లేదు. తాతయ్య క్యాసెట్ మీదే ఆ పెళ్లి తీసేశాను. అప్పటికి ఆయన పోయి ఏడాది. రెండేళ్లకి సంవత్సరీకం నాడు డిస్కు పెడితే, ఆయన కండువా సర్దుకుని పద్యం ఎత్తుకునే చోట బొమ్మ గళ్లు గళ్లుగా విడిపోయి ఆగిపోయింది. తీసి చూస్తే కాగితం ఒక అంచున బుడగలు లేచింది. ఎన్ని ప్లేయర్లలో పెట్టినా అక్కడే ఆగింది. మీ అమ్మమ్మ ఒక్క మాట అనకుండా లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

స్టిక్కర్లు వద్దే తల్లీ. పేరు డిస్కుల మీద రాసే మార్కర్‌తోనే రాయి. కంప్యూటర్లో డిస్కు బర్న్ చేసేటప్పుడు తక్కువ స్పీడు పెట్టు. వేరే ప్లేయర్లో మొదటి నుంచి చివరి దాకా కూర్చుని చూడు, విసుగొచ్చినా సరే. ఫైలు ఇంకో హార్డ్‌డిస్కులోనూ ఉంచు. ఎన్ని కాపీలు చేసినా అసలు క్యాసెట్ పారేయకు, పార్సిల్లో ఎవరికీ పంపకు. వీసీఆర్ కావాలంటే నాది పట్టుకుని నేనే వస్తాను.

అప్పగింతల దగ్గర సన్నాయి ఆగాక తాతయ్య "జాగ్రత్త తల్లీ" అంటారు. ఆయన గొంతు ఇంకెక్కడా మిగల్లేదు. ఆ ముక్క ఎక్కగానే హెడ్‌ఫోన్ పెట్టుకుని విని, ఎంత రాత్రైనా నాకు ఫోన్ చెయ్యి.

మీ మావయ్య