చూడి గుర్రమని అమ్మారు, స్కాన్‌లో ఖాళీ అని తేలింది: డబ్బు వెనక్కి వస్తుందా?

ప్రశ్న: రెండు నెలల చూడి అని చెప్పి ఒకాయన నాకు ఆడగుర్రాన్ని అమ్మారు. దాటించిన 16వ రోజున తీసిన స్కాన్ ఫొటో, 45వ రోజున చేయించిన రక్తపరీక్ష రిపోర్టు చేతికిచ్చారు. అగ్రిమెంటులో ‘చూడి గుర్రం’ అనే రాసుకున్నాం. ధరలో నాలుగో వంతు ఇంకా బాకీ ఉంది, ఈ నెలాఖరుకు కట్టాలి. నాలుగు నెలలు దాన్ని ఇంట్లో మనిషిలా చూసుకున్నాం. ఎదకు రాలేదు కాబట్టి చూలు నిలిచిందనే నమ్మాం. పొట్ట పెరగడం లేదని స్కాన్ చేయిస్తే ఖాళీ అన్నారు. అమ్మినాయనేమో ‘నా దగ్గర బాగానే ఉంది, మీ దగ్గరే ఈసుకుపోయింది (చూలు పోయింది)’ అంటున్నారు. గుర్రాన్ని తిరిగిచ్చేసి మొత్తం డబ్బు, మనోవేదనకు పరిహారం రాబట్టాలి. చీటింగ్ కేసు పెట్టవచ్చా? తెలిసిన డాక్టరు ఒకాయన, గుర్రం వచ్చిన వారంలోనే ఖాళీగా ఉందని పాత తేదీతో సర్టిఫికెట్ రాసిస్తానంటున్నారు. తీసుకోమంటారా?

జవాబు: చివరి ప్రశ్నకు ముందే చెబుతున్నాను, తీసుకోవద్దు. కారణం కింద రాస్తాను.

మీ కేసులో తేలవలసింది ఒక్కటే. గుర్రం మీ చేతికి వచ్చిన రోజున దాని కడుపులో బతికున్న పిండం ఉందా, లేదా? ఉండి, ఆ తర్వాత పోయి ఉంటే నష్టం మీదే, ఎందుకంటే అప్పటికే అది మీ గుర్రం. అప్పటికే పోయి ఉంటే, లేని చూలును అమ్మినట్టు. అది రుజువు చేయాల్సిన భారం మీ మీదే ఉంటుంది, ఆయన మీద కాదు.

ఇప్పుడు మీ దగ్గరున్న రెండు కాగితాలు చూద్దాం. 16వ రోజు స్కాన్‌లో కనిపించేది నల్లటి గుండ్రం మాత్రమే. గుండె కొట్టుకోవడం దాదాపు 25వ రోజుకు గానీ కనిపించదు. అందుకే డాక్టర్లు 14-16 రోజుల మధ్య ఒకసారి చూసి వదిలెయ్యరు, 28-30 రోజుల ప్రాంతంలో మళ్లీ చూస్తారు, ఆ తర్వాత ఇంకోసారి చూస్తారు. తొలి ఆరు వారాల్లో చూలు పోవడం గుర్రాల్లో అరుదేమీ కాదు. అప్పుడు పిండం చాలాసార్లు లోపలే ఇంకిపోతుంది, బయటికి ఏ ఆనవాలూ రాదు.

రక్తపరీక్ష సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఆ పరీక్ష పట్టుకునేది ఈక్వైన్ కోరియానిక్ గొనడోట్రోపిన్ అనే హార్మోన్‌ను. చూలు నిలిచిన 35-40 రోజుల మధ్య గర్భాశయం గోడలో ఎండోమెట్రియల్ కప్పులు ఏర్పడతాయి, హార్మోన్ వచ్చేది వాటి నుంచి. ఒకసారి అవి ఏర్పడ్డాక పిండం చనిపోయినా వాటి పని ఆగదు, చాలా వారాలు రిపోర్టు పాజిటివ్‌గానే వస్తుంది. అంటే ఆయనిచ్చిన రిపోర్టు నిజమే కావచ్చు, అయినా 45వ రోజున పిండం బతికుందని అది చెప్పదు. మీరు ‘ఎదకు రాలేదు’ అన్న మాటకు జవాబు కూడా ఇదే. ఆ కప్పులు పనిచేస్తున్నంత కాలం ఖాళీ గుర్రం కూడా సరిగ్గా ఎదకు రాదు.

అయితే అదే రిపోర్టు మీకు ఎదురు కూడా తిరుగుతుంది. కప్పులు ఏర్పడ్డాయంటే అప్పటిదాకా పిండం ఉన్నట్టే. కాబట్టి ఆయన దగ్గర పోయి ఉండడానికి వీలున్న కాలం సుమారు మూడు వారాలు, మీ దగ్గర పోయి ఉండడానికి వీలున్న కాలం నాలుగు నెలలు. ఈ లెక్క అవతలి లాయరు తప్పకుండా చెబుతారు.

గుర్రం దిగిన వారంలో ఒక్క స్కాన్ చేయించి ఉంటే ఈ ఉత్తరం రాసే పనే ఉండేది కాదు. 100 రోజులు దాటాక ఈస్ట్రోన్ సల్ఫేట్ పరీక్ష చేయించినా సరిపోయేది, ఎందుకంటే ఆ హార్మోన్ ఆ దశలో బతికున్న పిండం ఉంటేనే ఎక్కువగా వస్తుంది. చూడి అనే మాటకే ఎక్కువ ధర పెట్టి, ఆ చూలును నాలుగు నెలలు ఎవరికీ చూపించకపోవడం ప్రేమ అనిపించుకోదు, అజాగ్రత్త.

ఇక కేసు నిలబడే దారి. గుర్రాన్ని తిరిగిచ్చేస్తానంటే కుదరదు. సరుకు తీసుకుని, సహేతుకమైన గడువు దాటినా తిరస్కరిస్తున్నానని చెప్పకపోతే అంగీకరించినట్టేనని 1930 నాటి వస్తు విక్రయ చట్టం సెక్షన్ 42 చెబుతుంది. చట్టం దృష్టిలో పశువు కూడా సరుకే. కానీ సెక్షన్ 59 మీకు మిగిలే ఉంది. చూడి గుర్రానికీ, ఖాళీ గుర్రానికీ ధరలో ఉన్న తేడాను నష్టపరిహారంగా అడగవచ్చు, లేదా ఇవ్వాల్సిన ధరలో తగ్గించుకోవచ్చు. మీరు ఇంకా కట్టని నాలుగో వంతే ఇప్పుడు మీ బలం. మనోవేదన పద్దు మర్చిపోండి, ఇలాంటి లావాదేవీల్లో కోర్టులు సాధారణంగా దానికి డబ్బు ఇవ్వవు.

సాక్ష్యం కోసం మీ వాట్సాప్ తెరవండి. బేరం మాట్లాడుకున్న రోజుల్లో ‘నిన్ననే చూపించాం, పిల్ల బాగుంది’ లాంటి మాట ఆయన రాశారా? రాసి ఉంటే ఆ స్కాన్ చూపించమని అడిగే హక్కు మీకు వస్తుంది. చూపించలేకపోతే కేసు మీ వైపు తిరుగుతుంది. ఆ ఫోన్ మార్చకండి, ఏదీ డిలీట్ చేయకండి. ప్రింట్లు కోర్టులో చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయాలి.

16వ రోజు ఫొటోను ఒక డాక్టరుకు ఇంకోసారి చూపించండి. అది ఈ గుర్రానిదేనా? మైక్రోచిప్ నంబరో, పేరో, తేదీయో దాని మీద ఉందా? అందులో నల్లటి గుండ్రాలు రెండు ఉన్నాయా? రెండోది తిత్తి కావచ్చు, కవల కూడా కావచ్చు. గుర్రాల్లో కవలలు నెలలు నిండి బతికి పుట్టడం చాలా అరుదు. అందుకే 16వ రోజు లోపే ఒకదాన్ని నలిపి తీసేస్తారు. కవలలని తెలిసీ దాచి అమ్మారని తేలితే కేసు స్వరూపమే వేరు, అది మోసం కిందికి వస్తుంది. అలాంటిదేమీ లేకపోతే చీటింగ్ కేసు ఊసెత్తకండి. మొదటి నుంచీ మోసపు ఉద్దేశం ఉందని చూపించాలి, మీ దగ్గరున్నవి నిజమైన రిపోర్టులు.

పాత తేదీ సర్టిఫికెట్ విషయానికొస్తే, దొంగ పత్రం సృష్టించడం, అది దొంగదని తెలిసీ కోర్టులో వాడడం భారతీయ న్యాయ సంహిత ప్రకారం నేరాలు. డాక్టరు రిజిస్టరు, స్కాన్ మెషీన్‌లోని తేదీ ఆయన్ను పట్టిస్తాయి. పట్టుబడకపోయినా మునిగేది మీరే. ‘వచ్చిన వారంలోనే ఖాళీ అని తెలిస్తే నాలుగు నెలలు ఎందుకు నోరెత్తలేదు?’ అని క్రాస్ ఎగ్జామినేషన్‌లో అవతలి లాయరు అడిగితే మీ దగ్గర జవాబు లేదు. సెక్షన్ 59 కింద రావాల్సిందీ చేజారిపోతుంది.

గడువు: సివిల్ దావాకు ఒప్పందం ఉల్లంఘన జరిగిన నాటి నుంచి 3 ఏళ్లు. మీ కేసులో ఆ లెక్క గుర్రం మీకు అప్పగించిన రోజు నుంచి మొదలవుతుంది, ఖాళీ అని తెలిసిన రోజు నుంచి కాదు. వినియోగదారుల కమిషన్‌కు 2 ఏళ్లు. పిల్లల్ని అమ్ముకునే వ్యాపారం కోసం కొని ఉంటే, అది మీ సొంత జీవనోపాధి అని చూపించలేకపోతే, అక్కడ తలుపులు మూసుకుంటాయి. 3 ఏళ్లున్నాయి కదా అని కూర్చోవద్దు, స్కాన్ మెషీన్లలో పాత బొమ్మలు చెరిపేస్తారు.

ఈ వారంలో సంబంధం లేని మరో డాక్టరుతో, చిప్ నంబరు రాయించి, గర్భాశయ పరీక్ష చేయించండి. అప్పటిదాకా ఎదకు తెప్పించే ఇంజెక్షన్ వేయించకండి, మళ్లీ దాటించకండి. ఆ రిపోర్టు రాగానే లాయరు ద్వారా నోటీసు పంపండి. అందులో 16వ రోజు తర్వాత తీసిన ప్రతి స్కానూ, వాటిని తీసిన డాక్టరు రికార్డులూ అడగండి. బాకీ మొత్తాన్ని సెక్షన్ 59 కింద తగ్గించుకుంటున్నామని స్పష్టంగా రాయండి. ఏమీ చెప్పకుండా డబ్బు ఆపేస్తే ఎగవేతదారు మీరవుతారు, అందుకే ఆ నోటీసు నెలాఖరుకు ముందే ఆయన చేతికి అందాలి.