చింతపల్లి వెళ్తున్న పిల్లకి: ఉన్ని కంబళి, కుంపటి సంగతి

తల్లీ,

డీఎస్సీలో పోస్టు వచ్చిందని, చింతపల్లి వైపు బడి ఇచ్చారని మీ అమ్మ ఫోన్‌లో చెప్తుంటే నాకు కాసేపు మాట రాలేదు. మన ఇంటి ఆడపిల్ల ఏజెన్సీలో టీచరుగా అడుగు పెడుతోందంటే అదెంత గొప్ప సంగతో, అక్కడ కాపురం చేసి వచ్చిన నాకు తెలుసు. అయితే ఆ వెంటనే ఇంకో మాట కూడా అంది. ఎనిమిది నెలల బాబుని తీసుకెళ్తున్నావట, చలికి రెండు మింక్ దుప్పట్లు ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టావట, మరీ చలేస్తే గదిలో కాసిన్ని బొగ్గులు పెట్టుకుంటాంలే అన్నావట. ఆ చివరి మాట విన్నప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. ఫోన్‌లో చెప్తే సగం విని ఊఁ కొడతావని రాస్తున్నాను.

మామూలు సంగతులు ముందు చెప్పేస్తా. నర్సీపట్నం దాటాక ఘాట్ రోడ్డు, బస్సెక్కే ముందు బాబుకి కడుపు నిండా పట్టకు. చలికాలమే కదా అని దోమతెర మానేయకు, అక్కడ మలేరియా ఉంది. టార్చి, జ్వరం మందు సంచిలో పైనే ఉండాలి. అంతే.

ఇక పడక సంగతి. విశాఖలో పుట్టి పెరిగినదానివి, నీకు చలి అంటే డిసెంబరులో ఫ్యాను తగ్గించుకోవడం. చింతపల్లికి దగ్గర్లోని లంబసింగి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉంది, డిసెంబరు, జనవరిల్లో కొన్ని రాత్రులు సున్నా డిగ్రీల దగ్గరికి దిగుతుంది. చింతపల్లిలో కూడా తెల్లవారుజామున గుమ్మం బయట అడుగు పెట్టబుద్ధి కాదు.

నువ్వు కొన్న మింక్ దుప్పటి ముట్టుకుంటే మెత్తగా ఉంటుంది, చూడ్డానికి బాగుంటుంది, కానీ అందులో ఉండేది పాలిస్టరు. నిద్రలో మన ఒంటి నుంచి రాత్రంతా తేమ వస్తూనే ఉంటుంది. పాలిస్టరు ఆ తేమని పీల్చుకోదు, లోపలే చెమ్మగా నిలుస్తుంది. అందుకే అర్ధరాత్రి ఉక్కపోసి తన్నేస్తాం, తెల్లవారుజామున వణికి మళ్ళీ లాక్కుంటాం. ఉన్ని అలా కాదమ్మా. తన బరువులో దాదాపు మూడో వంతు తేమని లోపలికి తీసుకుని కూడా చేతికి తడి తగలనివ్వదు, పీల్చుకునేటప్పుడు కొంచెం వేడిని కూడా వదులుతుంది. దాని పోగులు వంకీలు తిరిగి ఉంటాయి కాబట్టి మధ్యలో గాలి నిలుస్తుంది, చలిని ఆపేది ఆ గాలే. ఒళ్ళు ఒకే తీరున వెచ్చగా ఉంటే మధ్యలో మెలకువ రాదు. పగలంతా పిల్లలతో గొంతు చించుకోవాల్సినదానివి, నీకు కావాల్సింది ఆ నిద్రే.

ఉన్ని మీద పడుకుంటే కీళ్ళనొప్పులు పోతాయని, ఆస్తమా తగ్గుతుందని అమ్మేవాళ్ళు చెప్తారు. నమ్మకు. దుమ్ము పురుగులు చేరవు అని కూడా అంటారు, తేమ ఉంటే అవి దేంట్లోనైనా చేరతాయి. ఎండ కాసిన రోజల్లా కంబళి బయట దులిపి ఆరెయ్, అదే మందు.

కొనేటప్పుడు అంచు నుంచి ఒక్క పోగు అడిగి తీసుకో, దుకాణం బయటికొచ్చి అగ్గిపుల్లతో కాల్చి చూడు. ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ళ మధ్య నలిగిపోతుంది. అక్రిలిక్, పాలిస్టరు అయితే కరిగి గట్టి పూసలా మిగులుతుంది. మన వైపు ఎక్కువగా కనిపించే నెల్లూరు జాతి గొర్రెలకి ఉన్ని ఉండదు, ఒట్టి వెంట్రుకలే. అనంతపురం వైపు దక్కనీ గొర్రెల ఉన్నితో నేసే గొంగళి దొరికితే వదలకు. నూలుకి చింతగింజల గంజి పెట్టి నేస్తారు, బరువుగా ఉంటుంది, ఏళ్ళు మన్నుతుంది. గుచ్చుకుంటుంది, నిజమే. పోగు ముతకగా ఉండటం వల్ల ఆ దురద, ఉన్ని పడకపోవడం వల్ల కాదు. లోపల నూలు దుప్పటి వేసుకుని పైన అది కప్పుకో. ఇంకో కంబళి కిందకి కావాలి. అక్కడ గచ్చు మంచుగడ్డలా ఉంటుంది, పైన ఎన్ని కప్పినా కింద నుంచి లాగేస్తుంది. అందరూ పై దుప్పటి గురించే ఆలోచిస్తారు, కిందది మర్చిపోతారు.

ఇప్పుడు బొగ్గుల మాట.

మీ పెదనాన్నకి కాఫీ తోటల దగ్గర ఉద్యోగం, మాకు రేకుల ఇల్లు ఇచ్చారు. మా దగ్గర రెండు నూలు దుప్పట్లు, మీ అమ్మమ్మ కుట్టిన బొంత, అంతే. బొంత మంచుకి చెమ్మెక్కి ఆరేది కాదు. సంక్రాంతికి ముందు, చలి బాగా ముదిరిన ఒక రాత్రి మీ పెదనాన్న కుంపటిలో బొగ్గులు రాజేసి, పొగ పోయేదాకా వాకిట్లో ఉంచి, ఎర్రగా కణకణలాడుతుంటే లోపలికి తెచ్చి మంచం పక్కన పెట్టారు. పొగ లేదు కదా, ఇంకేం భయం అన్నారు. గాలి రాకుండా కిటికీ సందుల్లో గోనెపట్టాలు కుక్కారు, తలుపు కింద పాత చీర దూర్చారు. అప్పటికి మీ అన్నయ్యకి ఇంకా ఏడాది నిండలేదు.

ఎంత హాయిగా నిద్ర పట్టిందో! అర్ధరాత్రి దాటాక వాడు సన్నగా మూలిగాడు. ఏడుపు కాదు, మూలుగు. నాకు తల బద్దలైపోతోంది, లేవబోతే కాళ్ళు నావి కావు. మీ పెదనాన్నని పిలుస్తున్నానని నేను అనుకుంటున్నాను, గొంతు పెగలడం లేదు. నేల మీద పాకి, తలుపు కింద చీర లాగి, గడియ తీశాను. చల్లగాలి తగిలాక వాంతి అయింది. ఆ చప్పుడుకి పక్కింటామె లేచి వచ్చి ముందు పిల్లాడిని, తర్వాత ఆయన్ని ఈడ్చుకొచ్చింది. వాడి పెదవులు కదిలేదాకా నా ప్రాణం నాలో లేదు.

బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. పొగ ఆగిపోయాక కూడా వస్తూనే ఉంటుంది. రక్తంలో ప్రాణవాయువు కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. తలనొప్పి, వికారం, మగత వస్తే చలికి అనుకుని పడుకుంటారు, ఇక లేవరు. మర్నాడు పక్కింటామె ఏమీ అనకుండా తన ముతక కంబళి తెచ్చి నా ఒళ్ళో పడేసింది. ఆ చలికాలం అంతా ముగ్గురం దానితోనే గడిపాం, కుంపటి మళ్ళీ గడప దాటి లోపలికి రాలేదు.

నీకు కోపం వచ్చినా సరే, కాళ్ళు పట్టుకుని అడగమన్నా అడుగుతాను, గదిలో బొగ్గు పెట్టకు తల్లీ.

బాబుకి మాత్రం కంబళి కప్పొద్దు. ఏడాది లోపు పిల్లల దగ్గర వదులు దుప్పటి ఉంటే ముఖం మీదకి జారుతుంది. నూలు చొక్కా, దాని మీద స్వెటర్, కాళ్ళకి మేజోళ్ళు తొడిగి, వెల్లకిలా, నీ పక్కనే వేరే పడక మీద వెయ్యి. మెడ వెనక చెయ్యి పెట్టి చూడు, చెమట ఉంటే ఒక పొర తీసెయ్.

వేసవి సెలవులకి వచ్చేటప్పుడు కంబళ్ళు ఇక్కడికి తెచ్చెయ్, నేను చూసుకుంటా. ఉన్నిని తినేది ఎగిరే చిమ్మట కాదు, దాని పురుగు, అదీ చెమట మరకలున్న చోటే ముందు తింటుంది. అందుకని చన్నీళ్ళలో కుంకుడు రసంతో ఉతికి, పిండకుండా నీడన పరిచి ఆరబెట్టాలి. వేడినీళ్ళు, వాషింగ్ మెషీను తగిలితే కుంచించుకుని అట్టలా అయిపోతుంది. నాఫ్తలీన్ ఉండలు వేయకు, ఆ వాసన పట్టిన బట్టల వల్ల కొందరు పసిపిల్లలకి రక్తకణాలు విరిగి కామెర్లు వస్తాయి.

డబ్బు సంగతి మొహమాటపడకు, రెండు కంబళ్ళు నేను కొనిస్తాను. మింక్‌వి వెనక్కి పంపించెయ్. ఆదివారం పూర్ణా మార్కెట్‌కి వెళ్దాం, పొద్దున్నే మా ఇంటికి వచ్చెయ్యండి. అల్లుడిని కూడా వెంటబెట్టుకు రా, కుంపటి మాట అతనికి నేనే చెప్తా.

మీ పెద్దమ్మ