గంజాయి తాగుతూ పట్టుబడిన వ్యక్తి చికిత్సకు ఒప్పుకుంటే కేసు నుంచి బయటపడే వీలుందా?

ఉంది, కానీ వ్యసనపరుడికి మాత్రమే, అదీ చికిత్స పూర్తిచేస్తేనే. ఎన్‌డీపీఎస్ చట్టం (మాదకద్రవ్యాల నిరోధక చట్టం) సెక్షన్ 64ఏ ప్రకారం, మత్తుపదార్థం వాడినందుకు పెట్టే సెక్షన్ 27 కింద గానీ, తక్కువ మోతాదు నేరం కింద గానీ అభియోగం ఉన్న వ్యసనపరుడు తనంతట తానుగా చికిత్స కోరి, తీసుకుంటే ప్రాసిక్యూషన్ ఉండదు. వ్యసనం జబ్బు, జైలు దాన్ని నయం చేయదు అన్నదే దీని వెనకున్న ఆలోచన.

‘తక్కువ మోతాదు’ గంజాయికి 1 కిలో, చరస్‌కు (గంజాయి మొక్క జిగురు) 100 గ్రాములు, హెరాయిన్‌కు 5 గ్రాములు, ఎండీఎంఏకు (ఎక్స్‌టసీ అనే మత్తుమందు) కేవలం అర గ్రాము. ఈ చివరి అంకె చాలామందికి తెలియదు. రెండు మూడు మాత్రలతోనే దాటిపోవచ్చు.

ఉదాహరణకు కూకట్‌పల్లిలో ఒక కుర్రాడు 40 గ్రాముల గంజాయితో దొరికాడనుకుందాం. వకీలు ద్వారా కోర్టులో 64ఏ కింద పిటిషన్ వేసి, ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం లాంటి ప్రభుత్వాసుపత్రిలో చేరాలి. ఓపీ చీటీ, అడ్మిషన్ కాగితం, డిశ్చార్జ్ సమ్మరీ, అన్నీ జాగ్రత్త చేయాలి. సాధారణంగా బెడిసికొట్టేది ఇక్కడే: గుర్తింపు లేని ప్రైవేటు డీ-అడిక్షన్ సెంటర్ సర్టిఫికెట్ చెల్లదు. మధ్యలో మానేస్తే రక్షణ రద్దు కావచ్చు.

‘తక్కువ మోతాదైతే కేసే ఉండదు’ అనుకోవడం పొరపాటు. కేసు నమోదవుతుంది, గంజాయికి ఏడాది వరకు జైలు, 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. అమ్మేవాడు వ్యసనపరుడు కాకపోతే ఈ దారి అతనికి లేదు.