టెక్ సందేహాలు: ప్యానెళ్లు కొన్నాను, ఫ్రిజ్ నడుస్తుందా?

ప్రశ్న: ఇంటికి సోలార్ నేనే అమర్చుకుందామనుకుంటున్నాను. 330 వాట్ల ప్యానెళ్లు రెండు కొన్నాను. 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) ట్యుబ్యులర్ బ్యాటరీ ఒకటి ఉంది. నాలుగు ఫ్యాన్లు, ఆరు బల్బులు, ఫ్రిజ్ నడుస్తాయా? ప్యానెళ్ల కరెంటును బ్యాటరీకి తగ్గట్టు అందించడానికి చవగ్గా వచ్చే పీడబ్ల్యూఎం రకం కంట్రోలర్ చాలదా?

జవాబు: ఉన్నమాట చెప్పాలంటే, నడవవు. చాలామంది మీలాగే ప్యానెళ్లతో మొదలుపెడతారు. మొదలుపెట్టాల్సింది రాత్రి వాడకంతో.

మామూలు ఫ్యాను 75 వాట్లు తింటుంది. నాలుగు ఫ్యాన్లు 8 గంటలు తిరిగితే 2,400 వాట్ అవర్లు. 9 వాట్ల బల్బులు ఆరు, 5 గంటలకు 270. ఫ్రిజ్‌కు రోజుకు ఒక యూనిట్, అంటే 1,000 అనుకుందాం. మొత్తం 3,670. మంచి ఎండ 5 గంటలు దొరికినా మీ ప్యానెళ్లు ఇచ్చేది 3,300. వేడి, దుమ్ము, తీగల నష్టాలకు పావు వంతు తీసేస్తే 2,475. ఇక బ్యాటరీలో ఉండేది, 12 వోల్టులను 150 ఏహెచ్‌తో గుణిస్తే, 1,800. ట్యుబ్యులర్‌ను సగానికి మించి ఖాళీ చేస్తూ పోతే ఆయుష్షు తగ్గుతుంది కాబట్టి మీ చేతికి వచ్చేది 900 మాత్రమే.

మరో రెండు ప్యానెళ్లు కొనేకంటే ఫ్యాన్లు మార్చడం నయం. తక్కువ కరెంటుతో తిరిగే మోటారున్న 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లయితే 2,400 కాస్తా 960కి దిగుతుంది. ఫ్రిజ్‌ను సోలార్‌కు కలపకుండా మామూలు లైన్ కరెంటు మీదే ఉంచండి. కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో మామూలు కంటే ఎన్నో రెట్లు లాగుతుంది, ఆ ఒక్క క్షణం కోసం పెద్ద ఇన్వర్టర్ కొనాల్సి వస్తుంది. మీ బ్యాటరీ కొత్తదైతే అలాంటిదే మరొకటి తెచ్చి రెండూ సిరీస్‌లో, అంటే ఒకదాని పాజిటివ్‌ను మరోదాని నెగెటివ్‌కు కలిపి, 24 వోల్టులు చేయండి, పాతదానికి కొత్తది జతచేస్తే మాత్రం కొత్తదీ త్వరగా పాడవుతుంది. 12 వోల్టుల మీద 1,000 వాట్లకు 83 ఆంపియర్లు పారాలి. 24 మీద 42 చాలు. తీగ లావూ తగ్గుతుంది, వేడీ తగ్గుతుంది.

పీడబ్ల్యూఎం సంగతి. మీ రకం ప్యానెల్ సుమారు 37 వోల్టుల దగ్గర 9 ఆంపియర్లు ఇస్తుంది. పీడబ్ల్యూఎం దాన్ని బ్యాటరీ వోల్టేజికి లాగేస్తుంది, ఆంపియర్లు మాత్రం పెరగవు. ఇప్పుడున్న 12 వోల్టుల బ్యాటరీ మీద, అంటే సుమారు 13 వోల్టుల దగ్గర, ఒక్కో ప్యానెల్ నుంచి వచ్చేది 120 వాట్ల లోపే. 330 కొని మూడో వంతు వాడుకోవడం ఏం పొదుపు! ఎక్కువైన వోల్టులను ఆంపియర్లుగా మార్చి ఇచ్చే ఎంపీపీటీ రకం కంట్రోలర్ తీసుకోండి. ప్యానెళ్లను సిరీస్‌లో కలిపితే లోడు లేనప్పుడు 92 వోల్టుల దాకా ఉంటుంది, చలి ఉదయాల్లో ఇంకా పెరుగుతుంది. అందుకే 100 వోల్టుల హద్దున్న కంట్రోలర్ వద్దు, 150ది కొనండి.

సొంతంగా బిగించేవారు భయపడాల్సిన చోటు ఒకటుంది: ప్యానెళ్లు, బ్యాటరీ ఇచ్చే డీసీ కరెంటు. ఇంటి లైన్‌లో వచ్చే ఏసీ సెకనుకు ఎన్నోసార్లు సున్నాకు వస్తుంది కాబట్టి నిప్పురవ్వ ఆరిపోతుంది, డీసీలో ఆ వీలు లేదు. ఇంట్లో మిగిలిన ఏసీ ఎంసీబీని (లోపం వస్తే కరెంటును తెంచే స్విచ్) ప్యానెల్ తీగకు పెట్టకండి. డీసీ ఎంసీబీయే వాడండి. బ్యాటరీ పాజిటివ్‌కు వీలైనంత దగ్గరగా ఫ్యూజు ఉండాలి. కంట్రోలర్‌కు ముందు బ్యాటరీ, తర్వాత ప్యానెళ్లు కలపాలి. విప్పేటప్పుడు ముందు ప్యానెళ్లు. ఎండ ఉన్నంతసేపూ ప్యానెల్ తీగలో కరెంటు ఉంటుంది, దానికి స్విచ్ లేదు. ఇంటి మెయిన్ బోర్డు జోలికి మాత్రం మీరు వెళ్లకండి, అది ఎలక్ట్రీషియన్ పని.

ప్రశ్న: మా ఇంటి మీద ఆన్‌గ్రిడ్ సోలార్ (కరెంటు లైన్‌కు కలిపినది) ఉంది. మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా కరెంటు పోతే ఇల్లంతా ఆగిపోతోంది. ఇన్వర్టర్ పాడైందా?

జవాబు: పాడవలేదు. లైన్ల మీద మరమ్మతు చేసేవారికి మీ ఇంటి కరెంటు తగలకుండా అది కావాలనే ఆగిపోతుంది. కోతల్లోనూ నడవాలంటే బ్యాటరీతో హైబ్రిడ్ ఇన్వర్టర్ కావాలి. అందులోనూ బ్యాకప్ అవుట్‌పుట్‌కు కలిపినవే నడుస్తాయి కాబట్టి ఏయే గదుల లైన్లు దానికి ఇవ్వాలో బిగించే ముందే తేల్చుకోండి.